ఎరువుల కొట్లో నేను కట్టిన రూటరు

ఒకే ఒక్క వైరుతో, పంచాయతీ ప్రెసిడెంటు గారి దగ్గర్నుంచి పాలకేంద్రం గుమాస్తా దాకా, ఊరు ఊరంతటినీ మా బాబాయి చేత తిట్టించిన ఘనుణ్ణి నేను. అదీ చాటుమాటుగా కాదు. ఎవరి ఫోనులో వాళ్లకి, ఫోటోతో సహా. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నమ్మరు. మా ఊరివాళ్లని అడిగి చూడండి, నమ్మించడమే కాకుండా నన్ను ఇంకో రెండు తిట్లు కలిపి మరీ పంపిస్తారు.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య ఉంటుంది. ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, మిరప. మా బాబాయి రాఘవయ్యకి సెంటర్లో ఎరువుల కొట్టు ఉంది. నేను బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ రావడం కాస్త ఆలస్యం కావడంతో, ఆ కొట్లో కూర్చుని బిల్లులు కొడుతుండేవాణ్ణి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. బీటెక్ వాడికి ఖాళీ దొరికితే పట్టపగలు రూటరు కడతాడు.

రూటరంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకి ఒక మాట. బయట నుంచి ఒక వైరులో వచ్చే నెట్టుని మన ఫోన్లకీ మిషన్లకీ పంచిపెట్టే డబ్బా అది. మామూలు మనుషులు దాన్ని కొనుక్కుంటారు. నాలాంటివాళ్లు మాత్రం మూలపడ్డ పాత కంప్యూటర్లో రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, దేశదేశాల వాళ్లు కలిసి రాసి ఉచితంగా వదిలిన ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఎక్కించి, సొంతంగా కట్టుకుంటారు. ఒక కార్డు బయటి నెట్టుని తీసుకుంటుంది, రెండోది లోపలికి పంచుతుంది. కాలువ నుంచి నీళ్లు వచ్చే తూము ఒకటి, చేలోకి వదిలే మడవ ఒకటి. ఏది తూమో ఏది మడవో గుర్తుంటే చాలు, ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

మంచి పనే, తప్పేం లేదు. చాలామంది చేస్తారు, చక్కగా పనిచేస్తుంది. చేసింది నేను కావడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

"ఒరేయ్ వాసూ, ఉన్న డబ్బా పనిచేస్తానే ఉంది గదరా. మళ్లీ ఇంకోటి ఎందుకు?" అన్నాడు బాబాయి.

"పనిచేస్తోంది బాబాయ్, కానీ దానికి బుద్ధి లేదు. బెంచీ మీద కూర్చుని సినిమాలు చూసేవాడికీ, మన వేలిముద్ర మిషనుకీ తేడా తెలీదు. అందరికీ సమానంగా పంచుతుంది."

"నువ్వు కట్టేదానికి తెలుసుద్దా?"

"తెలుస్తుంది. నేను పెడతాగా బుద్ధి."

"నీకే లేనిది దానికెట్టా పెడతావురా?"

అలా అన్నాడు గానీ, బెంచీ మాట ఎత్తేసరికి మెత్తబడ్డాడు. బెంచీ సంగతి మీకు చెప్పాలి. యూరియా అమ్మాలంటే రైతు వచ్చి మిషను మీద వేలు పెట్టాలి. వేలిముద్ర నెట్టులో ఎక్కడికో పోయి, ఈ రైతు ఈ రైతేనని తేలి తిరిగి వస్తే గానీ కట్ట, అంటే బస్తా, ఇవ్వకూడదు. మా ఊళ్లో సెల్ సిగ్నల్ డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే తప్ప దొరకదు కాబట్టి, మిషను కొట్లోని వైఫై మీదే బతికేది. ఆ వైఫై మీదే కొట్టు ముందున్న బెంచీ కూడా బతికేది. ఊళ్లో పనిలేనివాళ్లందరూ పొద్దున్నే వచ్చి, బెంచీకి ఆనుకుని ఫోన్లు తీసేవారు. వాళ్లకి హీరోయిన్ డాన్సు మొదలైతే ఇక్కడ మిషను నోరు మూసుకునేది.

ఆ ఏడు వానలు మొండికేశాయి. పత్తి మొక్క జానెడు లేచి అక్కడే నిలబడిపోయింది. శ్రావణంలో ఎట్టకేలకు ఒక మంచి వాన పడింది. నేల పదునెక్కింది. ఆ పదును ఆరేలోపు యూరియా పడితేనే చేను లేస్తుంది, లేకపోతే ఆ ఏటికి అంతే. కానీ చుట్టుపక్కల ఎక్కడా యూరియా లేదు. బాబాయి గుంటూరు చుట్టూ తిరిగి తిరిగి, శుక్రవారం పొద్దున లోడు వచ్చేట్టు మాట తీసుకున్నాడు. రైతులకి తనూ మాట ఇచ్చాడు.

"శుక్రవారం పొద్దుగూకే లోపల అందరి కట్టలూ అందరి చేలో ఉండాలి. ఆ రోజు గనక మిషను ఆగిందంటే, మాట పోద్దిరా. ఈ కొట్టుకి మాటే పెట్టుబడి. నీ బుద్ధిమంతుడు ఆగకుండా నడుస్తాడా?" అని నన్ను అడిగాడు.

"నా పూచీ బాబాయ్," అన్నాను. ఎంత గంభీరంగా అన్నానంటే, నాకే నా మీద గౌరవం పుట్టింది.

గోడౌన్లో పురుగుమందుల అట్టపెట్టెల వెనక పడి ఉన్న పాత కంప్యూటర్ని బయటికి లాగి దులిపాను. గుంటూరు వెళ్లి పాత సామాన్లు అమ్మే సందులో రెండు నెట్‌వర్క్ కార్డులు తెచ్చాను. రెండూ ఒకే రకం, ఒకే రంగు, కవలపిల్లల్లా ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. మొదటిసారి అది లేచి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పారించినప్పుడు బాబాయి వెనక నిలబడి చూసి, "ఏందిరా, తిడతందా?" అని అడిగాడు. అందులో వేలిముద్ర మిషనుకి రాచమార్గం వేశాను. బెంచీకి గట్టి కళ్లెం వేశాను. కొట్టు వైఫై పట్టుకున్న ఏ కొత్త ఫోనులోనైనా ముందుగా ఒక పేజీ వచ్చేట్టు, అందులో బాబాయి ఇచ్చే పాస్‌వర్డ్ కొడితేనే నెట్టు వచ్చేట్టు అమర్చాను. పాస్‌వర్డ్ ఎరువు కొన్నవాళ్లకే.

ఆ పేజీలో ఏం రాయాలన్నది బాబాయే చెప్పాడు. పిన్ని కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి అక్కడే నిలబడింది.

"రాసుకోరా. 'యూరియా వచ్చింది.' రాశావా? 'కొనేవాడివైతే లోపలికి రా.' ఆ తర్వాత... 'కొననివాడివైతే ఏరా, ఊరికే వచ్చే నెట్టు కోసం ఎదుటివాడి కొట్టు ముందు కూర్చోటానికి సిగ్గు లేదా? లేచి పోయి చేలో కలుపు తియ్యి.' కింద నా పేరెయ్యి."

"కొంచెం మర్యాదగా రాద్దాం బాబాయ్. 'దయచేసి' అనీ, 'అండి' అనీ..."

"బెంచీ మీద వెధవలకి అండి ఏందిరా! అట్టాగే రాయి. నా ఫోటో కూడా పెట్టు, ఎవడో అనుకుంటారు మళ్లీ."

నా దగ్గర బాబాయి ఫోటో ఒక్కటే ఉంది. కొట్టు క్యాలెండర్ కోసం తీయించింది. అందులో ఆయన పట్టు పంచె కట్టుకుని, రెండు చేతులూ జోడించి, చిరునవ్వు నవ్వుతూ ఉంటాడు. దాన్నే పెట్టాను. చేతులు జోడించి సిగ్గు లేదా అని అడిగే మనిషిని లోకం అదే మొదటిసారి చూడటం.

ఇక కవలపిల్లల సంగతి. ఏ కార్డు బయటిదో, ఏది లోపలిదో గుర్తు పెట్టుకోవాలి. కొట్లో పెన్నులన్నీ రైతులు సంతకం పెట్టి చెవిలో దోపుకుని వెళ్లిపోయారు. ఇంట్లోకి వెళ్తే దేవుడి గూట్లో పిన్ని పసుపు కుంకుమ భరిణలు కనిపించాయి. నా బుర్రలో మెరుపు మెరిసింది. బయటి కార్డు కన్నం పైన ఒక కుంకుమ బొట్టు పెట్టాను. లోపలి కార్డు పైన ఒక పసుపు బొట్టు పెట్టాను. వెనక్కి జరిగి చూసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. రాయడం ఎందుకు, కళ్లెదురుగా బొట్లుంటే!

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే కరెంటు పోయింది, కొట్లో మాత్రం ఇన్వర్టరు ఉంది. లోడు చెప్పిన వేళకే దిగింది. రైతుల లైను కొట్టు మెట్ల దగ్గర మొదలై టీ బంకు దాకా పాకింది. నేను కట్టిన కొత్త మిషను తెచ్చి బల్ల కింద పెట్టి, వైరు అందుకోబోయాను.

"ఆగు!" అంది పిన్ని గుమ్మంలోంచి. "తానం చేశావా?"

"రాత్రి చేశాను పిన్నీ."

"రాత్రి చేసింది రాత్రికే పోయింది. శ్రావణ శుక్రవారం పూటా, కొత్త మిషనుని తానం చెయ్యకుండా ముట్టుకుంటావా? ఊరి పంటంతా దీని మీద ఉందంటన్నారు. పోయి నీళ్లు పోసుకుని రా. ఈలోపు నేను పూజ చేసి ఉంచుతా."

వెళ్లాను. మా పిన్ని చేసే పూజ సంగతి తెలిసి కూడా వెళ్లాను. కొత్త ట్రాక్టరు కొన్నా, కొత్త స్ప్రేయరు కొన్నా, ఆమె చేతికి అందిన ప్రతి చోటా పసుపు రాసి కుంకుమ పెడుతుంది. బోల్టుని కూడా వదలదు. తడి తలతో తిరిగొచ్చి చూద్దును గదా, నా కంప్యూటరు పెళ్లికూతురై కూర్చుంది. మూతకి పసుపు, బొట్టు. స్విచ్చికి పసుపు, బొట్టు. ఎలుకకి, అంటే మౌసుకి, పసుపు, బొట్టు. వెనకవైపు కార్డుల రెండు కన్నాల చుట్టూ వేలితో నున్నగా పసుపు మెత్తి, ఒక్కొక్క దాని మీదా గుండ్రటి కుంకుమ బొట్టు.

"పిన్నీ! ఇక్కడ ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ ఉండాలే?"

"అదే నేనూ చూసి బాధపడ్డా. సగం సగం పెట్టి వదిలేశావు, ఒకదానికి బొట్టు లేదు, ఒకదానికి పసుపు లేదు. రెండూ నిండుగా పెట్టా."

ఈలోపు బయట నుంచి బాబాయి. "ఒరేయ్, ముహూర్తం దాటిపోతంది! పెట్టరా వైరు!"

ఇక్కడ బుద్ధిమంతుడైతే మూత విప్పి చూస్తాడు. కీబోర్డు మీద నాలుగు మాటలు కొడితే ఏది ఏదో మిషనే చెబుతుంది. కానీ ముహూర్తమన్నాక మన పద్ధతి వేరు కదా. శుభకార్యం, కాబట్టి కుడివైపు ముందు. కొత్త కోడలు కుడికాలు పెట్టినట్టు, కేబుల్ వైరు కుడి కన్నంలో పెట్టాను. కొట్లో వైఫై పంచే పాత డబ్బా వైరుని ఎడమ దాంట్లో పెట్టాను. రెండు చోట్లా పచ్చలైట్లు టపటపా కొట్టుకున్నాయి. బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. ఇంతకంటే ఏం శకునం కావాలి?

లైనులో మొదట ఉన్నది అచ్చమ్మ. ఒంటి చేత్తో వ్యవసాయం చేసుకునే మనిషి, మాట కారం. మిషను మీద వేలు పెట్టింది. మిషను తెర మీద చక్రం గిరగిరా తిప్పి, కుదరదంది.

"వేలు సరిగ్గా పెట్టమ్మా," అన్నాను.

"సరిగ్గానే పెట్టా."

"తుడుచుకుని పెట్టు."

తుడిచింది. కుదరలేదు. మిరపకాయలు కోసి, పత్తి తీసి మా రైతుల వేళ్లు అరిగిపోతాయి. అందుకని మిషను మొరాయిస్తే ముందు వేలిని అనుమానించడం మా ఊరి ఆచారం. లైనులోని పెద్దలందరూ సలహాలు మొదలుపెట్టారు.

"తలకి రుద్దవే అచ్చమ్మా, నూనె అంటుద్ది."

"నిమ్మచెక్క రుద్దితే పడుద్ది."

"బొటనవేలు కాదు, చూపుడువేలు పెట్టి చూడు."

అచ్చమ్మ రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. వెనక ఆయన్ని పిలిచాను. ఆయన వేళ్లూ అరిగిపోయాయి. ఆ వెనక కుర్రరైతుది కూడా అరిగిపోయింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలా? రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట ఒకడు. నా లెక్కన నేను కట్టిన రూటరు మంచిదే, ఊరంతటికీ వేలిముద్రలే లేవు.

"మిషన్లో లోపం లేదు బాబాయ్, నెట్టు మంచిగా ఉంది. వీళ్లందరివీ అరుగుడు వేళ్లు," అన్నాను.

"నా వేలుకేం రోగం రా? పోయిన నెల పడింది గదా!" అంది అచ్చమ్మ.

బాబాయి తన వేలు పెట్టి చూశాడు. జన్మలో కలుపు తీయని వేలు. అది కూడా పడలేదు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి కరెంటు వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. అమ్మయ్య ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే అసలు ఉపద్రవం అప్పుడే మొదలైంది.

కాసేపటికి ప్రెసిడెంటు గారు స్కూటరు దిగి, లైనుని తోసుకుంటూ లోపలికి వచ్చారు. మొహం కందిపోయి ఉంది.

"ఏం రాఘవయ్యా, నాకు సిగ్గు లేదా?"

బాబాయి లేచి నిలబడ్డాడు. "అయ్యో, ఎవరన్నారండీ ఆ మాట?"

"నువ్వే అన్నావు. ఏరా అని కూడా అన్నావు. ఇదుగో, నవ్వుతా దణ్ణం పెట్టి మరీ!"

ఫోను బాబాయి మొహం ముందు పెట్టారు. బాబాయిని చూసి బాబాయి నవ్వుతున్నాడు.

బాబాయి నా వైపు ఒక చూపు చూసి, నెమ్మదిగా, "ఒరేయ్, ఇది ఆయన ఫోనులోకి ఎట్టా పోయింది?" అన్నాడు.

"సెంటర్లోంచి వెళ్తుంటే మన వైఫై తగులుకుని ఉంటుంది," అని గొణిగాను.

"తగులుకోటానికి నేనేమన్నా ముళ్లకంపలో నడిచానా? ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోను తీశా. పేపరు చూద్దామంటే నువ్వొచ్చావు. వార్తలు పెడితే నువ్వొచ్చావు. మా ఆవిడ ఫోనులోనూ నువ్వే," అన్నారు ప్రెసిడెంటు గారు.

బాబాయికి చెమట పట్టింది. చెమటతో పాటు అబద్ధం కూడా బయటికొచ్చింది. "అది నేను కాదండీ. నా క్యాలెండరు ఫోటో తీసుకుని ఎవడో గిట్టనివాడు చేసిన పని. పక్కూరి కొట్టువాళ్లకి నా మీద కన్ను. లోడు నాకొచ్చింది గదా, ఓర్చుకోలేక..."

"అట్టా చెప్పు మరి! అయితే ఊరుకోకూడదు. పద, పోలీసు స్టేషనుకి పోదాం. నీ తరఫున నేను మాట్లాడతా."

బాబాయి కుడితిలో పడ్డ ఎలుకలా నన్ను చూశాడు. నేను పైకప్పుని చూశాను.

ఈలోపు పెరటి గుమ్మంలోంచి, పిన్నికి వ్రతం తాంబూలం ఇవ్వడానికి పేరంటాళ్లు రానే వచ్చారు. ముందు ఎదురింటి రాజ్యం పెద్దమ్మ, చేతిలో తాంబూలం పళ్లెం, రెండో చేతిలో ఫోను.

"ఏమ్మా, మీ ఆయన నన్ను ఏరా అంటన్నాడు. నా మొగుడే అనలేదు ఇన్నేళ్లలో. వ్రతం పూటా కలుపు తియ్యమంటాడేంది?"

ఆ వెనక బడి టీచరమ్మ. ఆ వెనక పాలకేంద్రం గుమాస్తా. అందరి చేతుల్లోనూ మా బాబాయి దణ్ణాలు పెడుతున్నాడు. అందరికంటే వెనక నిచ్చెన భుజాన వేసుకుని కేబుల్ కోటి పరిగెత్తుకొచ్చాడు. ఊరంతటికీ నెట్టు వైర్లు లాగింది అతనే.

"రాఘవయ్య గారూ, కొంప మునిగిందండీ. కరెంటు వచ్చినకాడ్నుంచి ఏ ఇంట్లోనూ నెట్టు లేదు. స్తంభాలన్నీ ఎక్కి దిగా. డబ్బా ఒకసారి ఆపి వెయ్యండని అందరికీ చెప్పా. ఆపి వేసినవాళ్లందరికీ మీరే వస్తన్నారు!"

"నేనా? నేను ఇక్కడే ఉన్నాను గదయ్యా," అన్నాడు బాబాయి నీరసంగా.

"మా ఇంట్లో కూడా మీరేనండీ. మా ఇల్లు ఊరి చివర గదా, అక్కడ దాకా ఎట్టా వచ్చారో!"

ప్రెసిడెంటు గారు అందరికీ వినపడేట్టు, పక్కూరివాళ్ల కుట్ర సంగతి చెప్పారు. జనం అయ్యో పాపం అన్నారు. కథ అక్కడితో పోలీసు స్టేషనుకి బయల్దేరేదే. కానీ పిన్ని తాంబూలాలు అందుకుంటూ అందరి ఫోన్లలోకీ తొంగి చూసి, "అదేందండీ," అంది బాబాయితో. "ఈ మాటలు మొన్న మీరు చెప్తుంటే మనవాడు రాసినవే గదా! నేను కాఫీ కూడా తెచ్చా. కలుపు తియ్యి అనే మాట దగ్గర మీరు నవ్వారు కూడా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోలేదంటారు. ప్రెసిడెంటు గారు క్షమించినా మా పిన్ని ఒప్పుకోలేదు.

"అంటే నువ్వే రాయించావన్నమాట," అన్నారు ప్రెసిడెంటు గారు.

"రాయించాను గానీ అది మీక్కాదండీ! మీలాంటి పెద్దలకి కానే కాదు. అది ఈ బెంచీ మీద వెధవలకండీ!"

బెంచీ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఎవరు బాబాయ్ వెధవలు? మేము పొద్దున్నుంచి నెట్టు రాక ఊరికే కూర్చున్నాం. మా ఫోన్లలో నువ్వు రానే లేదు, చూస్కో!"

నిజమే. ఎవరికోసం రాశామో వాళ్లకి తప్ప ఊరందరికీ అందాయి ఆ తిట్లు. బెంచీ ఫోన్లలో పేజీ లేదు. ఊరి చివర కోటి ఇంట్లో ఉంది. అదిగో, అక్కడ నాకు వెలిగింది. పిన్ని బొట్లు కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

ఏం జరిగిందో మీకు విడమరిచి చెబుతాను, అప్పుడు నేను ఎవరికీ చెప్పలేకపోయాను. కుడివైపుది బయటి కార్డు కాదు, లోపలిది. చేలోకి తెరవాల్సిన మడవని తీసుకెళ్లి కాలువలోకి తెరిచాను. కరెంటు రాగానే ప్రతి ఇంట్లో డబ్బా లేచి, నాకు దారి చూపేవారెవరు అని వీధిలోకి ఒక కేక వేస్తుంది. మామూలుగా కోటి యంత్రం పలుకుతుంది. ఆ రోజు దానికంటే ముందు నాది పలికింది. అంత చురుగ్గా పలికేట్టు దాన్ని దిద్దింది నేనే మరి. ముందు పలికినవాడి మాటే ఆ డబ్బాలకి వేదం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ పూట ఊరందరి దారీ ఉలిపికట్టె ఇంట్లోంచే పోయింది. అక్కడ వచ్చిన ప్రతివాడికీ మా బాబాయి ఎదురొచ్చి, చేతులు జోడించి తిట్టి పంపాడు. ఇక మా కొట్లో వేలిముద్ర మిషనుకి మాత్రం అటూ దారి లేదు, ఇటూ దారి లేదు.

ప్రెసిడెంటు గారు, బాబాయి, బెంచీ, కోటి, పేరంటాళ్లు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వాళ్లందరి గొంతుల మీదుగా అచ్చమ్మ గొంతు లేచింది.

"ఆపండయ్యా మీ తగువులు! తిట్టు తింటే ఏమన్నా ఒంటికి అంటుకుందా? పొద్దు నడినెత్తికొచ్చింది. నా చేలో పదును ఆరిపోతంది. ఇయ్యాల పడకపోతే ఇంకేం పడుద్ది యూరియా, నా మొహాన పడుద్ది! ఒరేయ్ అబ్బాయ్, ఏదో చేసింది నువ్వే అని నీ మొహం చెప్తంది. చేసింది చెయ్యి వెనక్కి."

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు పరువు పోతుందన్న భయమే ఉంది. ఆ మాటతో లైను వైపు చూశాను. పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డ మనుషులు, వేళ్లు నిమ్మచెక్కతో రుద్దుకుంటూ, తప్పు తమ వేళ్లదే అనుకుంటున్నారు. నాకు నిజంగా సిగ్గేసింది.

బల్ల కింద దూరి రెండు వైర్లూ పీకాను. కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాను. పైకి లేచేటప్పుడు బల్ల నెత్తికి తగిలింది. బాబాయి కొట్టాల్సిన దెబ్బ అదే కొట్టేసింది.

"కోటన్నా, ఊళ్లో అందరి డబ్బాలూ ఇంకొక్కసారి ఆపి వెయ్యమని చెప్పు. ఈసారి నువ్వే పలుకుతావు."

"నేను పలకటమేంది?"

"తర్వాత చెప్తా అన్నా. పరిగెత్తు."

నిచ్చెన అక్కడే పడేసి పరిగెత్తాడు. అచ్చమ్మ మిషను మీద వేలు పెట్టింది. నూనె లేదు, నిమ్మచెక్క లేదు. మిషను కిర్రుమని చీటీ కక్కింది.

"చూశావా, నా వేలు లక్షణంగా ఉంది," అంది అచ్చమ్మ. ఏమాట కామాట చెప్పుకోవాలి, దాని తర్వాత నా రూటరు సాయంత్రం దాకా ఒక్క క్షణం కూడా ఆగలేదు. వేలు పెట్టడం ఆలస్యం, చీటీ రావడం. బెంచీ మీద ఫోన్లలో బాబాయి ప్రత్యక్షమై, ఎట్టకేలకు తిట్టాల్సినవాళ్లని తిట్టాడు. వాళ్లు అప్పటికే ప్రత్యక్షంగా తిని ఉన్నారు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

చిత్రమేమిటంటే తగువుకి వచ్చినవాళ్లు ఎవరూ వెళ్లలేదు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "సరే, యూరియా వచ్చిన సంగతి నాకు అసలు తెలవదు. నీ తిట్టులో చదివి తెలుసుకున్నా. ఎటూ వచ్చా కాబట్టి, మా మిరప చేనుకి కూడా..." అని వెళ్లి లైను చివర నిలబడ్డారు. పాలకేంద్రం గుమాస్తా వాళ్ల నాన్నకి కబురు పెట్టాడు. రాజ్యం పెద్దమ్మ తాంబూలం పళ్లెం పక్కన పెట్టి కొడుకుని పిలిపించింది. కొట్టు ముందు కూర్చునేవాళ్లు కూడా ఇళ్లకి పోయి నాన్నలని తీసుకొచ్చారు. బాబాయి క్యాలెండర్లో ఉన్నట్టే రెండు చేతులూ జోడించి, వచ్చిన ప్రతివాళ్లకీ అండీ, అండీ అంటూ కట్టలు ఇప్పించాడు. పొద్దుగూకేసరికి గోడౌన్ ఊడ్చినట్టయింది. అచ్చమ్మ చేలో యూరియా పడింది, ఆ వారంలోనే పత్తి పచ్చగా లేచింది. బాబాయి మాట నిలబడింది. నా వీపు కూడా, అనుకోని విధంగా, క్షేమంగా మిగిలింది.

బాబాయి నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే పిన్నికి చెప్పేవాడు, ఆమె పక్కనే ఉన్న నాకు చెప్పేది. ఆ మిషనుని మాత్రం తీయనివ్వలేదు. ఈలోపు నాకు ఉద్యోగం కూడా వచ్చింది, నెట్‌వర్కుల పనే. ఇంటర్వ్యూలో, మీ అనుభవం ఏమిటని అడిగితే, ఒక ఊరంతటినీ ఒంటి చేత్తో నడిపానని చెప్పాను. ఎంతసేపు నడిపావని వాళ్లు అడగలేదు.

ఉద్యోగంలో చేరడానికి బయల్దేరే ముందు బాబాయి నన్ను గోడౌన్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేశాడు. ఇప్పుడు పడుతుంది తన్ను అనుకుని వీపు బిగబట్టాను. బాబాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ వాసూ. రేపు పొటాషు లోడు వస్తంది. ఆటోకి మైకు కట్టించి రెండు రోజుల్నుంచి ఊరంతా తిప్పుతున్నా. 'రైతు సోదరులారా, దయచేసి విచ్చేయండి' అని మర్యాదగా పిలుస్తున్నా. ఒక్కడు తిరిగి చూట్టంలా. ఆ రోజు తిడితే ఊరు ఊరంతా వచ్చింది గదరా! పోయే ముందు ఆ వైర్లు ఒక్కసారి తప్పు పెట్టి పో."

కాబట్టి చదువరులారా, నల్లరేగడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఊరి నెట్టులోకి నా వైరు దూర్చను. ముహూర్తం చూసి కన్నం ఎంచను. మా బాబాయి ఎంత బతిమాలినా, పొటాషే కాదు, డీఏపీ లోడు దిగినా సరే, పెట్టను గాక పెట్టను.